మా మాట వినకుండానే పన్ను వేస్తారా?
భూములు అమ్మిన రైతులకు చట్టం ఇచ్చిన రక్షణ

రావిర్యాల: శంషాబాద్ విమానాశ్రయం 2008లో ప్రారంభమైంది. బాహ్యవలయ రహదారి వచ్చింది, ఫ్యాబ్ సిటీ వెలిసింది. రావిర్యాల చుట్టుపక్కల జొన్న పండిన చేలు ప్లాట్లయ్యాయి. భూములు అమ్ముకున్న కుటుంబాల్లో ఆదాయపు పన్ను రిటర్ను ముఖమే చూడనివారు ఎందరో. అటువంటి ఇంటికి అమ్మకం జరిగిన నాలుగైదేళ్లకు పన్ను శాఖ నోటీసు వస్తే ఏం చేయాలో తోచదు.

శాఖకు సమాచారం ఎలా చేరుతుందన్న అనుమానం అక్కరలేదు. పెద్ద మొత్తాల స్థిరాస్తి లావాదేవీల వివరాలను రిజిస్ట్రేషన్ అధికారులు ఏటా పంపుతారు. అయితే ఆ కాగితంలో ధర ఉంటుంది గాని రైతు వాదన ఉండదు. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభం పన్ను లేదు. పది వేలు, అంతకు మించిన జనాభా గల మున్సిపాలిటీ పరిధిలోని భూమికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. పరిధి దాటినా, పట్టణ జనాభాను బట్టి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల లోపు ఉంటే మినహాయింపు పోతుంది. 2014-15 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆ దూరాన్ని రోడ్డు వెంట కాక నేరుగా కొలుస్తారు. రావిర్యాల 2018లో తుక్కుగూడ మున్సిపాలిటీలో చేరింది. 2025 డిసెంబరులో ఆ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. కనుక అమ్మిన నాటికి ఊరు దేని పరిధిలో ఉందన్నదే లక్షల రూపాయల ప్రశ్న. దానికి ఆధారాలు చూపగలవాడు రైతే. అతని మాట వినకుండా తేల్చడం న్యాయం కాదు.

సహజ న్యాయ సూత్రం చెప్పేది ఇదే. ఒకరికి వ్యతిరేకంగా నిర్ణయం తీసుకునే ముందు ఆరోపణ తెలపాలి, ఆధారం చూపాలి, జవాబుకు వ్యవధి ఇవ్వాలి. కిషన్‌చంద్ చెల్లారామ్ కేసు ఇందుకు చక్కని ఉదాహరణ. మద్రాసు నుంచి బొంబాయికి పంపిన రూ.1,07,350 ఆ సంస్థదేనని బ్యాంకు మేనేజరు లేఖ ఆధారంగా శాఖ పన్ను వేసింది. ఆ లేఖను సంస్థకు చూపనేలేదు. చూపని లేఖను సాక్ష్యంగా వాడరాదని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది.

పాత సంవత్సరాల లెక్కను తిరగదోడేటప్పుడు ముందుగా కారణం తెలిపి వివరణ కోరాలన్న నిబంధన 2021లో చట్టంలో చేరింది. ఇప్పుడు అధికారి ముఖం చూడకుండానే విచారణ కంప్యూటరులో సాగుతుంది. ఆదాయం పెంచబోతుంటే, వీడియో ద్వారా వినిపించుకునే అవకాశం కోరవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి, కోరినవారికి ఆ అవకాశం ఇచ్చి తీరాలి. కోరనివారికి లిఖితపూర్వక జవాబే వాదన. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలైనా, అంతకుముందరి సంవత్సరాల లెక్కలకు 1961 చట్టమే వర్తిస్తుంది.

చిక్కంతా నోటీసు చేరడంలోనే ఉంది. అది పోర్టల్‌లోనూ, పాన్ కార్డు దరఖాస్తులో రాసిన ఈ-మెయిల్‌కూ వస్తుంది. ఆ దరఖాస్తు నింపినది ఏ ఇంటర్నెట్ సెంటరు కుర్రాడో అయితే ఈ-మెయిల్ కూడా అతనిదే అయి ఉంటుంది. రైతుకు తెలిసేసరికి గడువు ముగిసి, అందిన సమాచారంతోనే అధికారి పన్ను నిర్ణయించి ఉంటాడు. చట్టం నోటీసు పంపినట్టే లెక్కిస్తుంది, రైతు మాత్రం ఎరగడు. పాన్ వివరాల్లో సొంత ఫోన్ నంబరు, ఈ-మెయిల్ ఉన్నాయో లేదో చూసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మాట వినలేదని హైకోర్టుకు వెళ్లినా పన్ను మాఫీ అవుతుందనుకోవడం పొరపాటు. ఎక్కువ సందర్భాల్లో కోర్టు ఉత్తర్వును కొట్టివేసి, మళ్లీ విని తేల్చమని వెనక్కి పంపుతుంది. ఏకపక్ష ఉత్తర్వులను అలా తిప్పి పంపే అధికారం 2024 అక్టోబరు నుంచి అప్పీలు కమిషనర్లకూ ఉంది. ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లో అప్పీలు వేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి.

కేసు వెనక్కి వచ్చినప్పుడైనా చూపించాల్సినవి పాత పహాణీలు, పాసుపుస్తకం, అమ్మిన నాటి దస్తావేజు, దూరంపై తహసీల్దారు ధ్రువపత్రం. భూమి చేతులు మారాక పహాణీ నకళ్ల కోసం తిరగడం కష్టమని అమ్మినవారందరికీ అనుభవమే. రిజిస్ట్రేషన్ నాడే ఒక జత తీసి ఇంట్లో ఉంచుకోవచ్చు.