ఉబ్బిన తలుపునకు చిత్రిక

మా భట్టిప్రోలున శ్రావణము వచ్చినదన్న పెరటితలుపు పట్టివేయును. 1892లో మా ఊరి స్తూపమును త్రవ్వగా లభించిన ధాతుకరండములు రాతివి గనుక వాని మూతలకు వానబాధ లేదు, కొయ్యకు కలదు. కొయ్య పొడవున ఇంచుమించు మాఱదు, వెడల్పున ఉబ్బును.

నిరుడు మేము తొందరపడి, జడివానలోనే అంచునంతను చిత్రిక పట్టించితిమి. వేసవికి వ్రేలు దూరునంత సందు ఏర్పడెను. ఆ సందుననే తేలు వచ్చినది. మావారు నవ్విరి, మాకు నవ్వు రాలేదు. పసిబిడ్డ చాపమీద నిద్రించుచుండెను.

ఈ యేడు వడ్రంగితాత చెప్పినట్లు మేమే పూనుకొంటిమి. ద్వారబంధమునకు బొగ్గుపొడి రాచి తలుపు మూసినచో, రాచుకొనుచోట మచ్చపడును. చిత్రిక పట్టవలసినది అచ్చటనే. ఉలి పదునుగా నుండి, వెండ్రుకవాసి మాత్రమే వెలికి రావలెను. అప్పుడు ఉల్లిపొరవంటి పొట్టు లేచును. నారవెంబడి త్రోయవలెను, ఎదురు త్రోసిన కొయ్య పెచ్చులూడును. మొదట ముందరిచేయి, చివర వెనుకచేయి నొక్కవలెను. లేనిచో కొనలు అఱుగును. ఇది మాకు మూడుదినములకుగాని పట్టుబడలేదు.

నాలుగుపొరలు తీసి ఆగితిమి. తలుపింకను కొంచెము మూల్గుచున్నది. మాఘమువఱకు మూల్గనిండని మావారితో చెప్పితిమి.