మీకు తెలుసా? నూజివీడు పేరుతో నడిచిన పేటెంటు దావా

నూజివీడు అనగానే మనకు చిన్నరసం మామిడిపళ్లు గుర్తొస్తాయి. పేటెంటు లాయర్లకు మాత్రం పత్తి విత్తనం గుర్తొస్తుంది. 1973లో ఈ ఊరి పేరు పెట్టుకుని మొదలైన నూజివీడు సీడ్స్ మీద అమెరికా కంపెనీ మోన్‌శాంటో వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన రైతులు తెలుసుకోవలసిన సంగతులు అందులో చాలా ఉన్నాయి.

● మీకు తెలుసా, ఆ గొడవకు మూలం పత్తి విత్తన ప్యాకెట్ ధర? బీటీ జన్యువు వాడుకున్నందుకు విత్తన కంపెనీలు మోన్‌శాంటో వర్గానికి ‘ట్రెయిట్ ఫీజు’ కట్టాల్సి వచ్చేది. ఒక దశలో 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయలైతే, అందులో 1,250 ఆ ఫీజే! 2006లో దీని మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. నూజివీడు సీడ్స్‌తో 2004లో కుదిరిన లైసెన్సు ఒప్పందాన్ని, ఫీజు బకాయిల తగాదా ముదిరాక, 2015 నవంబరులో మోన్‌శాంటో వర్గం రద్దు చేసింది. మరుసటి ఏడాది, తన బీటీ పేటెంటును ఉల్లంఘిస్తున్నారంటూ ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది.

● పేటెంటు ఉన్నంత మాత్రాన అవతలివాళ్ల అమ్మకాలు ఆపేయమని కోర్టు వెంటనే ఇంజంక్షన్ ఇవ్వదు. పైచూపుకు దావాలో బలం ఉందా, ఆపితే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా అని చూస్తుంది. ప్రజల మేలు కూడా తూకంలోకి వస్తుంది. 2017 మార్చి 28న సింగిల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వు ఈ తూకానికి మంచి ఉదాహరణ. ఆయన అమ్మకాలు ఆపలేదు, కంపెనీని ఉచితంగానూ వదల్లేదు. లైసెన్సు రద్దు చెల్లదన్నారు, దావా తేలేవరకూ పాత ఒప్పందమే సాగాలన్నారు. ఫీజు మాత్రం ప్రభుత్వం నిర్ణయించిన రేటు ప్రకారమే. విత్తనం రైతుకు అందింది, పేటెంటుదారుకు ఫీజు హక్కు మిగిలింది.

● ఆ తాత్కాలిక ఉత్తర్వు మీద వేసిన అప్పీలులో మొత్తం పేటెంటే ఎగిరిపోయింది! మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వకూడదని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(జె) చెబుతోంది. దాన్ని బట్టి 2018 ఏప్రిల్ 11న డివిజన్ బెంచ్ పేటెంటు చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. జన్యుశాస్త్రానికి సంబంధించిన ఇంత చిక్కు ప్రశ్నను సాక్షులను విచారించకుండా, నిపుణులు చెప్పేది వినకుండా అప్పీలు దశలోనే తేల్చడం తప్పంది. సింగిల్ జడ్జి ఉత్తర్వును నిలబెట్టి, దావాను తిరిగి ఆయన కోర్టుకే పంపింది.

దీన్ని చాలామంది మోన్‌శాంటో గెలుపుగా చెప్పుకున్నారు. అది సరికాదు. పేటెంటు చెల్లుతుందని సుప్రీంకోర్టు ఎక్కడా అనలేదు. విచారణ జరిపి తేల్చమంది, అంతే. ఆ ఏడాది నవంబరుకే పేటెంటు గడువు తీరింది. 2021 మార్చిలో, మోన్‌శాంటోను అప్పటికే కొనేసిన బేయర్ కంపెనీ నూజివీడు సీడ్స్‌తో రాజీకి వచ్చింది. మొక్కలో చేర్చిన జన్యువుకు పేటెంటు వర్తిస్తుందా అన్న అసలు ప్రశ్నకు ఈ దావాలో తుది జవాబు రాకుండానే పోయింది. దేశమంతటా పత్తి రైతులకు పనికొచ్చే తీర్పు అలా జారిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

● ఇక ఇంజంక్షన్ల గురించి ఇంకొన్ని సంగతులు. ఇంజంక్షన్ మీద అప్పీలు వినే కోర్టు, తనకైతే వేరేలా తోచేదన్న కారణంతో కింది కోర్టు ఉత్తర్వును మార్చకూడదు. ఆ ఉత్తర్వు అడ్డగోలుగానో న్యాయసూత్రాలకు విరుద్ధంగానో ఉంటేనే జోక్యం చేసుకోవాలి. 1990లో వాండర్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన గీత ఇది.

● ఇంజంక్షన్ కోరేవాళ్ల నడవడి కూడా లెక్కలోకి వస్తుంది. తన ప్రవర్తన వల్లే సాయం పొందే అర్హత పోగొట్టుకున్నవాడికీ, జరుగుతున్న ఉల్లంఘనను తెలిసి ఊరుకున్నవాడికీ శాశ్వత ఇంజంక్షన్ ఇవ్వకూడదని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 41 చెబుతోంది.

● మందుల కేసుల్లో ప్రజాహితం ఇంకా బరువు తూగుతుంది. రోష్ కంపెనీ కేన్సర్ మాత్ర అప్పట్లో 4,800 రూపాయలైతే సిప్లా మాత్ర 1,600. 2009లో ఢిల్లీ డివిజన్ బెంచ్ సిప్లాను ఆపలేదు, అమ్మకాల లెక్క రాసి ఉంచమంది. 2015లో ఉల్లంఘన జరిగిందని తేలింది. అయినా పేటెంటు గడువు నెలల్లో ముగుస్తోందని ఇంజంక్షన్ ఇవ్వకుండా, లాభాల లెక్క అప్పజెప్పమన్నారు. మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకూ 2025లో రోష్ మీద ఇలాంటి ఊరట దక్కింది. పేటెంటు చెల్లుబాటు మీదే గట్టి సందేహం ఉందని కోర్టులు ఇంజంక్షన్‌కు ఒప్పుకోలేదు.

● దావా గెలిచినవాళ్లు నష్టపరిహారం, అవతలివాళ్ల లాభం రెండూ అడగలేరు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. పేటెంటు ఉందని తెలియదనీ, తెలిసే అవకాశమూ లేదనీ ప్రతివాది రుజువు చేస్తే ఆ రెండూ రావు. వస్తువు మీద ‘పేటెంటు’ అని ముద్రిస్తే సరిపోదు, నంబరు కూడా ఉండాలి.

● మరి మామిడి సంగతి? సెక్షన్ 3(జె) వల్ల మామిడి రకానికి పేటెంటు రాదు. కొత్త రకానికి 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద రక్షణ దొరుకుతుంది. చెట్లకైతే గరిష్ఠంగా 18 ఏళ్లు. అంటు మొక్క కూడా ఆ చట్టం దృష్టిలో విత్తనమే. సెక్షన్ 39 ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షిత రకాన్ని బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. హక్కు ఉందని తెలియక నాటిన రైతు మీద ఉల్లంఘన నిలవదని సెక్షన్ 42 అంటోంది.

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట తోటల రైతులకు ఒక్క మనవి. నర్సరీలో అంట్లు కొన్నప్పుడు బిల్లు మీద రకం పేరు రాయించుకుని దాచండి. ఎప్పుడైనా నోటీసు వస్తే భయపడి రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. ముందు ఈ 39, 42 సెక్షన్లు మీ వకీలుకు చూపించండి.