గాయపడిన చేతికి కూలి

ఫ్యాక్టరీ యంత్రంలో చేయి నలిగి ఇంట్లో ఉన్న ఒక సహోదరుని పరామర్శించడానికి వెళ్లాము. ప్రార్థన ముగిశాక ఆయన భార్య, "అయ్యగారూ, జీతం లేకుండా ఈ నెల ఎలా గడుస్తుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. తరువాత విచారించి తెలుసుకున్నాము.

ఈ.ఎస్.ఐ.లో నమోదైన కార్మికుడు పనిలో గాయపడి, ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పనిచేయలేకపోతే, కోలుకునే వరకు సగటు దినసరి వేతనంలో 90 శాతం పొందవచ్చు. నిన్న పనిలో చేరినవారికీ ఈ హక్కు ఉంది. ఇది భిక్ష కాదు. సాధారణంగా వంద రూపాయల జీతానికి కార్మికుడు 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు చందా కడతారు. అయితే ప్రమాదాన్ని వెంటనే యజమానికి తెలిపి, ప్రమాదాల పుస్తకంలో వ్రాయించి, ఈ.ఎస్.ఐ. వైద్యుని సర్టిఫికెట్ తీసుకోవాలి.

కొట్లాటలో గాయపడి మంచం పట్టినవానికి పోయిన పనిదినాల సొమ్ము కూడా ఇవ్వాలని నిర్గమకాండము 21వ అధ్యాయములో ఉన్నది. గాయపడినవాని రోజులకు దేవుని ఎదుట విలువ ఉన్నది గదా!

కాబట్టి గాయాన్ని దాచి అప్పుల పాలు కావద్దు. పరామర్శకు వెళ్లే మనము కూడా ప్రార్థించి ఊరకుండక, "పుస్తకంలో వ్రాయించారా?" అని అడుగుదాము.