సొంత కారుకు సర్కారు వేషం

వేషాన్ని చూచి మనిషిని గౌరవించడం లోకసహజం. ఖాకీ దుస్తులు కనబడగానే ప్రక్కకు తొలగుతాము; తెల్లకోటు కనబడగానే మన బాధ చెప్పుకొంటాము. ఆ దుస్తుల వెనుక ఒక బాధ్యత ఉన్నదనే విశ్వాసమే ఈ గౌరవానికి మూలం. వాహనాల విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. సైరన్ మ్రోగిస్తూ వచ్చే అంబులెన్సుకు, ఫైరింజనుకు మనము దారి ఇవ్వడం భయంచేత కాదు. ఎక్కడో ఒక ప్రాణం ఆపదలో ఉన్నదని నమ్మడంచేత. ఆ నమ్మకాన్ని కొందరు తమ సొంత కార్లకు అలంకారంగా తగిలించుకొంటున్నారు. ఈ ధోరణిని గురించి, దానికి చట్టం గీసిన హద్దులను గురించి ఈ వ్యాసంలో వివరించదలచినాము.

ఒకప్పుడు మన దేశంలో అధికారమంటే తెల్ల అంబాసిడర్ కారే. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన ఆ కారు, అంతకుముందు దశాబ్దాలపాటు మంత్రులకు, కలెక్టర్లకు వాహనమై వెలిగినది. పైన ఎర్రదీపం, కిటికీలకు తెరలు, సీటుపై తెల్లని తువ్వాలు, ముందు చిన్న జెండా కర్ర - ఇవి దాని ఆభరణాలు. ఆ దీపాన్ని తెలుగువారు 'ఎర్ర బుగ్గ' అన్నారు. ఉర్దూలో అది 'లాల్ బత్తీ'. ఈ రెండు మాటలూ దీపాన్ని గాక దర్జాను సూచించే మాటలుగా స్థిరపడడం గమనార్హం. దర్జా ఉన్నచోట అనుకరణ తప్పదు. పదవి లేనివారు, పదవి పోయినవారు, పదవిలో ఉన్నవారి బంధువులు సైతం ఆ ఆభరణాలను అంగడిలో కొని తగిలించుకొన్నారు.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నది? 2013 డిసెంబరు 10న సుప్రీం కోర్టు అభయ్ సింగ్ కేసులో తీర్పు చెబుతూ, ఉన్నత రాజ్యాంగ పదవులలో ఉన్నవారు విధి నిర్వహణలో ఉన్నపుడు మాత్రమే ఎర్రదీపం వాడవలెనని నిర్దేశించినది. 2017 మే 1 నుండి ఆ మినహాయింపు కూడా తొలగినది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి కార్లపై సైతం నేడు ఆ దీపం లేదు. అంబులెన్సు, అగ్నిమాపక, పోలీసు వాహనాల వంటి అత్యవసర సేవలకే వెలిగి ఆరే రంగుదీపాలు మిగిలినవి. పలు స్వరాలతో మ్రోగే హారన్లను కూడా కేంద్ర మోటారు వాహనాల నియమావళి ఇటువంటి వాహనాలకే పరిమితం చేసినది. అదే నియమావళి ప్రకారం సైనిక వాహనాల ఆలివ్ ఆకుపచ్చ రంగును రక్షణశాఖకు చెందని ఏ వాహనానికీ వేయరాదు. పాత జీపు కొని, దానికి సైనికరూపం ఇవ్వాలని ముచ్చటపడే యువకులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

కారుపై జాతీయపతాకాన్ని ఎగురవేసే గౌరవాన్ని 2002 నాటి పతాక నియమావళి రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు, ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తులు మొదలైన కొద్దిమందికే ఇచ్చినది. మూడు సింహాల రాజముద్రను ఎవరు పడితే వారు వాడకుండా 2005లో ప్రత్యేక చట్టమే వచ్చినది. ఆసుపత్రి గుర్తుగా చాలామంది భావించే రెడ్ క్రాస్ చిహ్నం సైతం యుద్ధభూమిలో క్షతగాత్రులకు, వారిని కాపాడేవారికి రక్షణగా ఏర్పడినది. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం దానిని కాపాడుతున్నది. వైద్యుడైనంత మాత్రాన అనుమతి లేకుండా దానిని కారు అద్దంపై అంటించుకొనరాదు. ఇక ప్రభుత్వోద్యోగినని నటించి, ఆ హోదా పేరిట ఏదైనా కార్యానికి పూనుకొంటే, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల వరకు ఖైదు, దానితోపాటు జరిమానా పడును.

ఒక దీపానికి, ఒక కాగితపు ముక్కకు ఇంత కాఠిన్యం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. దీనికి సమాధానం చరిత్రలోనే ఉన్నది. 2001 డిసెంబరు 13న మన పార్లమెంటుపై దాడి చేసిన అయిదుగురు ముష్కరులు వచ్చినది ఒక తెల్ల అంబాసిడర్ కారులో. దానిపై ఎర్రదీపం, అద్దంపై హోంశాఖ పేరిట దొంగ స్టిక్కరు! ఆ వేషమే వారిని పార్లమెంటు ఆవరణలోనికి చేర్చినది. కారును అనుమానించి, కేకలు వేసి సహచరులను హెచ్చరించిన కేంద్ర రిజర్వు పోలీసు దళపు కానిస్టేబులు కమలేశ్ కుమారి తుపాకీ గుండ్లకు బలియైనది. ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అశోకచక్ర నిచ్చి గౌరవించినది.

ఇటువంటిదే మరొక విషాదం కెనడాలోని నోవా స్కోషియాలో జరిగినది. 2020 ఏప్రిల్ 18, 19 తేదీలలో ఒక హంతకుడు ఇరవై రెండు మందిని బలిగొన్నాడు. అతడు పోలీసుశాఖ వాడి విడిచిన ఒక కారును కొని, దానికి అసలు పోలీసు కారు గుర్తులను, దీపాలను అమర్చుకొని తిరిగినాడు. ఎదురుగా వచ్చినది తన సహోద్యోగి వాహనమే అనుకొన్న ఒక పోలీసు ఉద్యోగి సైతం ఆ కాల్పులలో గాయపడినాడు. పోలీసులనే మోసగించిన వేషం సామాన్యులను మోసగించడంలో ఆశ్చర్యమేమున్నది? మరుసటి సంవత్సరమే ఆ రాష్ట్రం పోలీసు దుస్తులు, గుర్తులు, పరికరాల అమ్మకంపైన, వాడకంపైన ఆంక్షలు విధిస్తూ చట్టం చేసినది.

సరదా కోసం స్టిక్కరు అంటించుకొనేవాడు హంతకుడు కాడు. ఆ మాట నిజమే. అయినా అతడు చేసే హాని వేరొక రీతిది. సైరన్‌కు ఇంజను బలం లేదు. దాని బలమంతా వినేవారి విశ్వాసంలో ఉన్నది. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవను తలచుకొనండి. రద్దీలో చిక్కిన ఆ బండికి ముందున్న వాహనాలు తొలగినపుడే లోపలి రోగికి ఆయువు. దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2019 నాటి సవరణ చెబుతున్నది. కాని పెళ్ళికి పోయే కారు కూడా అదే కూత కూస్తూ పోతే, నాలుగుసార్లు మోసపోయిన బాటసారి అయిదవసారి కదలడు. ఆ అయిదవ బండిలో నిజమైన రోగి ఉండవచ్చును. 'నాన్నా పులి' కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే గదా!

అలంకారమంతా దోషమని మా అభిప్రాయం కాదు. సీటు తొడుగులు, పాటల పెట్టె, అద్దానికి వ్రేలాడే బొమ్మ - ఇవి యజమాని అభిరుచికి సంబంధించినవి. రంగు మార్చదలచినవారు రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకొని మార్చుకొనవచ్చును. అలంకారం చూచి మెచ్చుకొనేవారు స్వేచ్ఛగా మెచ్చుకొంటారు. అధికారచిహ్నం చూచినవారు మాత్రం విధిలేక తలవంచుతారు. ఈ భేదమే హద్దు.

మన విద్యార్థులలో కొందరి స్కూటర్లపై 'పోలీసు', 'ప్రెస్' అనే అక్షరాలు కనబడుతూ ఉంటవి. ఇంటిలో ఒకరు ఉద్యోగంలో ఉన్నంత మాత్రాన బండి ఉద్యోగం చేయదు. ఆ అక్షరాలు కష్టపడి పరీక్షలు నెగ్గి, విధులు నిర్వహించేవారివి. రేపు మీలో ఎందరో ఆ అర్హతను నిజంగానే సంపాదించగలరు. నాడు మీ వాహనానికి ప్రజలు దారి ఇవ్వవలెనంటే, నేడు ఆ గుర్తు విలువ చెడకుండా కాపాడవలసినది మీరే. కళాశాల పాలకవర్గం వాహనాలు నిలుపుచోట ఒక ప్రకటన ఉంచి, ఇటువంటి స్టిక్కర్లను తొలగింపజేస్తే ఈ సంస్కారానికి మన ఆవరణలోనే నాంది పలికినట్లగును.