ట్రాక్టర్ బలానికి తూకం

మన ఊళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. ఒంగోలు ఎడ్ల సత్తా తేలేది వాటి అందంతోనో, యజమాని చెప్పే గొప్పలతోనో కాదు. ఇచ్చిన సమయంలో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ట్రాక్టర్లకీ అలాంటి పరీక్షే ఉంది. అది జరిగేది నేనుంటున్న నెబ్రాస్కాలో, లింకన్ నగరంలోని యూనివర్సిటీలో.

దీని వెనక ఒక రైతు ఉన్నారు. విల్మాట్ క్రోజియర్ 'ఫోర్డ్' అన్న పేరున్న ట్రాక్టర్ కొన్నారు. కార్ల హెన్రీ ఫోర్డ్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. పొలంలో దించితే అది పనిచెయ్యలేదు. తర్వాత ఆయన శాసనసభ్యుడై, పరీక్ష చేయించనిదే రాష్ట్రంలో ట్రాక్టర్ అమ్మకూడదని 1919లో చట్టం తెచ్చారు. 1920లో మొదటి పరీక్ష 'వాటర్లూ బాయ్' ట్రాక్టర్‌కి జరిగింది.

పరీక్షలు ముఖ్యంగా రెండు. మొదటిది, వెనక రోటావేటర్‌ని తిప్పే పీటీఓ షాఫ్ట్ దగ్గర ఎంత శక్తి అందుతోందో కొలవడం. రెండోది డ్రాబార్ పరీక్ష. ట్రాలీ తగిలించే చోట ఒక బరువు బండిని కట్టి, కాంక్రీటు ట్రాక్ మీద లాగిస్తారు. ఆ బండి బ్రేకులతో వెనక్కి పట్టి ఉంచుతుంది. లాగే బలం, వేగం, చక్రాల జారుడు, డీజిల్ ఖర్చు అన్నీ నమోదు చేస్తారు.

పిల్లలూ, ఇదిగో మీకో లెక్క! 75 కిలోల బరువుని ఒక సెకనులో ఒక మీటరు పైకి ఎత్తగలిగితే అది ఒక మెట్రిక్ హార్స్‌పవర్. ట్రాక్టర్ 1500 కిలోల బలంతో సెకనుకి 1.5 మీటర్ల వేగంతో లాగితే? 1500ని 1.5తో గుణించి 75తో భాగించండి. 30 హార్స్‌పవర్!

ఇంజన్ శక్తి అంతా డ్రాబార్ దాకా రాదు. కొంత గేర్లలో, కొంత చక్రాలు జారడంలో పోతుంది. మెత్తటి దుక్కిలో ఇంకా తగ్గుతుంది. అందుకే ఇంజన్ హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే చాలదు.

ఇక్కడినుంచి డబ్బు పంపి ఊళ్ళో నాన్నగారికో, తమ్ముడికో ట్రాక్టర్ కొనిపెట్టేవాళ్ళు మనలో ఉన్నారు. మన దేశంలో ట్రాక్టర్లని మధ్యప్రదేశ్‌లోని బుధ్ని కేంద్రంలో పరీక్షిస్తారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. అడ్వాన్సు కట్టే ముందు డీలర్‌ని పరీక్ష రిపోర్టు చూపించమనండి. పీటీఓ దగ్గర ఎంత, డ్రాబార్ దగ్గర ఎంత, గంటకి డీజిల్ ఎంత? ఈ మూడూ అడగండి. అది అప్పు చేసి కొనే వస్తువు, ఏళ్ళ తరబడి మనవాళ్ళ పొలంలో దున్నాల్సిన వస్తువు.