వాన్ హౌటెన్ గానుగ

ఆమ్లాలు, క్షారాల పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్న ఇది. "సార్, క్రిస్మస్‌కి చాక్లెట్ జింజర్‌బ్రెడ్ బిస్కట్లు చేద్దామని వేడినీళ్లలో కోకో పొడి కలిపి చిటికెడు వంట సోడా వేశాను. బుడగలు లేచాయి. పిన్ని తెచ్చిన ఇంకో డబ్బాలోని కోకోకి అదే సోడా వేస్తే ఏమీ కాలేదు. రెండూ కోకోయే కదా?" క్లాసు మొత్తం నావైపు చూసింది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మొదటి కోకోలో ఆమ్లం ఉంది, రెండోదాంట్లో లేదు. కానీ ఎందుకు లేదు, ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు అని అడిగితే మాత్రం దాదాపు రెండు వందల ఏళ్ల వెనక్కి, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక మిల్లు దాకా వెళ్లాలి. నాకు ఎంతో ఇష్టమైన యంత్రం అక్కడే పుట్టింది.

ముందు ఒక సంగతి. కోకో గింజను ఎంత రుబ్బినా పొడి రాదు. వేయించి, పొట్టు తీసిన పప్పులో సగానికి పైగా కొవ్వే. ఆ కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంటే మన ఒంటి వేడి చాలు. రాతి కింద పప్పు నలుగుతుంటే కణాల గోడలు పగిలి కొవ్వు బయటికొస్తుంది, రాపిడి వేడికి కరుగుతుంది, చివరికి రోట్లో మిగిలేది నల్లటి చిక్కని ముద్ద. చల్లారితే గడ్డ కడుతుంది. వేడినీళ్లలో వేస్తే కొవ్వు పైకి తేలి మెరుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో యూరప్‌లో చాక్లెట్ తాగేవాళ్లు ఈ నూనె తెట్టుతోనే సతమతమయ్యారు. అది కనపడకుండా వ్యాపారులు బంగాళాదుంప పిండి, సగ్గుబియ్యం పిండి కలిపేవాళ్లు. పిండి కలిపితే రంగు తేలిపోతుంది కాబట్టి కొందరు ఎర్రమట్టి కూడా కలిపారు. ఇలాంటి పదార్థంతో బిస్కట్ల పిండి కలపడం, పలచగా ఒత్తడం, అచ్చులతో కోయడం అనే ఆలోచనే రాదు. చాక్లెట్ జింజర్‌బ్రెడ్‌కి మైదాతో పాటు జల్లెడ పట్టగలిగే పొడి కావాలి. ఆ పొడి 1828కి ముందు ఈ రూపంలో లేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో కాస్పారస్ వాన్ హౌటెన్ 1815లో చాక్లెట్ మిల్లు పెట్టాడు. దాన్ని మనుషులే చేతులతో తిప్పేవాళ్లు. 1828లో కోకో ముద్దలోంచి కొవ్వును నొక్కి తీసే పద్ధతికి డచ్ రాజు నుంచి పేటెంటు వచ్చింది. పేటెంటు తండ్రి పేరున వచ్చింది, పుస్తకాల్లో మాత్రం ఘనత ఎక్కువగా కొడుకు కోన్రాడ్ యోహానెస్‌కి దక్కింది. నాకైతే ఇద్దరికీ పంచడమే న్యాయమనిపిస్తుంది. ఎందుకంటే ఈ కథలో ఆవిష్కరణలు రెండు: నొక్కడం ఒకటి, క్షారం కలపడం రెండోది.

నొక్కడం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. నూనె తీయడమే కదా, మన గానుగ చేసే పనే కదా అనిపిస్తుంది. గానుగలో నువ్వుల తెలకపిండి గరుకుగా ఉంటుంది, దాని సందుల్లోంచి నూనె దారి చేసుకుని కారుతుంది. కోకో ముద్దలో ఆ సందులే ఉండవు. రుబ్బిన కణాలు మిల్లీమీటరులో వందో వంతు స్థాయికి నలిగి ఉంటాయి. గుడ్డలో మూటగట్టి ఒక్కసారిగా గట్టిగా నొక్కామనుకోండి, మొదట గుడ్డకు ఆనిన పొర దట్టంగా బిగుసుకుపోతుంది, వడపోత మూసుకుపోతుంది, వెనకాల ఉన్న కొవ్వంతా లోపలే చిక్కుకుపోతుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత తక్కువ కారుతుందన్నమాట! ఈ యంత్రాన్ని నడిపేవాడి ఓర్పంతా ఇక్కడే తెలుస్తుంది. ముద్దను ముందుగా వేడిచేయాలి, అప్పుడు కొవ్వు పలచబడి సులువుగా పారుతుంది. తర్వాత పీడనాన్ని మెల్లగా, కొవ్వు బయటికి వెళ్లిపోయే వేగాన్ని బట్టి పెంచుతూ పోవాలి. కొవ్వు పోయేకొద్దీ కణాలు దగ్గరికి జరుగుతాయి, దారులు సన్నబడతాయి, ఇంకొంచెం ఒత్తిడి కావలసి వస్తుంది. అలా దారి, ఒత్తిడి ఒకదాన్నొకటి చూసుకుంటూ నడుస్తాయి.

ఇప్పటి ఫ్యాక్టరీల్లో హైడ్రాలిక్ ప్రెస్సుల్లో ఉక్కు గిన్నెలు వరసగా ఉంటాయి. ఒక్కో గిన్నె అడుగున సన్నటి లోహపు జల్లెడ ఉంటుంది. వంద డిగ్రీలకు దగ్గరగా వేడిచేసిన ముద్దను వాటిలో నింపి, చివరికి వాతావరణ పీడనానికి నాలుగైదు వందల రెట్ల ఒత్తిడి తెస్తారు. లేత పసుపు రంగు కోకో బటర్ ధారగా కారుతుంది. గిన్నెలో రాయిలాంటి బిళ్ల మిగులుతుంది. ఆ బిళ్లను పగలగొట్టి, చల్లారనిచ్చి, దంచితే అప్పుడు వస్తుంది పొడి. వాన్ హౌటెన్ల ప్రెస్సు సగానికి పైగా ఉన్న కొవ్వును పావు వంతుకు కాస్త పైదాకా దించగలిగింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే పొడుల్లో కొన్నిటిలో 20–22 శాతం, ఎక్కువవాటిలో 10–12 శాతం ఉంటుంది. ఇంకా తీయాలంటే ప్రెస్సు వల్ల కాదు, మిగిలిన కొవ్వు పగలని కణాల్లోనూ పూర్తిగా బిగుసుకున్న సందుల్లోనూ దాక్కుని ఉంటుంది.

ప్రెస్సు లేకుండా కూడా కొవ్వు తీయొచ్చని శాన్‌ఫ్రాన్సిస్కోలోని గిరార్డెల్లి కంపెనీలో 1865లో కనిపెట్టారు. ముద్దను గుడ్డ సంచుల్లో పోసి వెచ్చటి గదిలో వేలాడదీస్తే కొవ్వు దానంతటదే చుక్కచుక్కగా కారిపోయింది. చాలా అందమైన ఆలోచన. కానీ యంత్రంగా నాకు వాన్ హౌటెన్ల పద్ధతే గొప్పది. అది కాలం మీద కన్నా వేడి మీద, ఒత్తిడి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ రెండూ మన చేతిలో ఉంటాయి.

ఇప్పుడు రెండో ఆవిష్కరణ. కొవ్వు తీసినా పొడి నీళ్లలో ఉండకట్టేది, రుచి పుల్లగా, వగరుగా ఉండేది. ఆ పులుపు ఎక్కడిదో మన గోదావరి జిల్లాల రైతులకు బాగా తెలుసు. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన కోకో పండుతుంది. కాయ పగలగొట్టి గుజ్జుతో సహా గింజల్ని కుప్పపోసి లేదా పెట్టెల్లో వేసి దాదాపు వారం రోజులు పులియబెడతారు. మొదట ఈస్టు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. తిరగేసి గాలి తగలనిస్తే బాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. కుప్ప వేడెక్కి గింజ చనిపోతుంది, ఆమ్లం లోపలికి ఇంకుతుంది. చాక్లెట్ వాసనకు పునాది అక్కడే పడుతుంది. ఎండబెట్టేటప్పుడు, వేయించేటప్పుడు ఆమ్లం కొంత ఎగిరిపోతుంది. మిగిలినది పొడిలో ఉండిపోతుంది. అందుకే ఏమీ కలపని కోకో పొడి పీహెచ్ ఐదున్నర ప్రాంతంలో ఉంటుంది.

కోన్రాడ్ ఆ కోకోకి పొటాషియం కార్బొనేట్ లాంటి క్షారాలు కలిపాడు. ఆమ్లం తటస్థమైంది. పీహెచ్ 7 దగ్గరికి, కొన్నిసార్లు ఆపైకి పోయింది. రంగు ఎర్రటి గోధుమ నుంచి ముదురు గోధుమలోకి దిగింది, వగరు తగ్గింది, పొడి తేలిగ్గా తడవసాగింది. నిజానికి కోకో నీళ్లలో కరగదు, తడిసి తేలియాడుతుందంతే. క్షారం ఆ తడవడాన్ని సులువు చేసింది. ఈ లాభానికి ఖరీదు కూడా ఉంది: కోకోలోని ఫ్లేవనాల్స్ అనే పాలీఫినాల్స్‌లో పెద్ద భాగం క్షారం వల్ల నశిస్తుంది.

ఇక్కడ నాకు ముచ్చటేసే కలయిక ఒకటుంది. పొటాషియం కార్బొనేట్ అంటే పొటాష్. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను కాచితే మిగిలే ఉప్పు. జర్మనీలో, ముఖ్యంగా న్యూరెంబర్గ్‌లో, తేనె, మసాలాలతో చేసే లేబ్‌కూఖెన్ అనే జింజర్‌బ్రెడ్‌ను పొంగించడానికి బేకర్లు అంతకుముందు నుంచీ వాడుతున్నది ఈ పొటాషే. తేనె, పిండి కలిపిన ముద్దను వారాల తరబడి నిలవ ఉంచితే అందులో ఆమ్లం పుడుతుంది, పొటాష్ దాంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే జింజర్‌బ్రెడ్‌ను పొంగించిన ఉప్పే కోకోలోని పులుపును చంపింది! చాక్లెట్ జింజర్‌బ్రెడ్‌లో ఈ ఇద్దరు పాత పరిచయస్తులు ఒకే గిన్నెలో కలుస్తారు.

పేటెంటు గడువు 1838లో తీరాక ప్రెస్సు అందరి చేతికీ వచ్చింది. పొడి తీయగా మిగిలిన కోకో బటర్‌ను చక్కెరతో, కోకోతో కలిపి బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ 1847లో అచ్చుపోసిన చాక్లెట్ కడ్డీ చేసింది. కథ అసలు రసపట్టు ఆ తర్వాత. బర్మింగ్‌హామ్‌లో దివాలా అంచున ఉన్న కోకో వ్యాపారాన్ని నిలబెట్టడానికి జార్జ్ క్యాడ్‌బరీ డచ్ ప్రెస్సు కొని తెచ్చాడు. 1866లో 'కోకో ఎసెన్స్' పేరిట పిండి కలపని, క్షారం కలపని కోకోను అమ్మకానికి పెట్టారు. కల్తీ మీద జనం మండిపడుతున్న రోజులవి, స్వచ్ఛతే వాళ్ల ప్రచారానికి ఊపిరి. వాన్ హౌటెన్ల పద్ధతిలో క్షారం కలిపిన డచ్ కోకోలో రసాయనాలున్నాయని ఎత్తిచూపారు. దశాబ్దాల పాటు రెండు పక్షాలూ పోరాడాయి. చివరికి నాలుక తీర్పు చెప్పింది. 1906లో క్యాడ్‌బరీయే క్షారం కలిపిన బోర్న్‌విల్ కోకోను మార్కెట్లోకి తెచ్చింది. మిగతా చరిత్ర, పాల చాక్లెట్ నుంచి నల్లటి క్రీమ్ బిస్కట్ల దాకా, మీ వంటింటి డబ్బాల్లో మీకు తెలిసినదే.

ఇక పిండి దగ్గరికి వద్దాం. ఒక చిన్న చెంచా, అంటే సుమారు 5 గ్రాముల వంట సోడా, సరిపడా ఆమ్లం దొరికితే గది వేడిలో దాదాపు లీటరున్నర కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. ఆమ్లం లేకుండా ఓవెన్ వేడికే విడిపోతే అందులో సగమే వస్తుంది, పైగా సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా, మిగిలి బిస్కట్‌కి సబ్బు రుచి వస్తుంది. జింజర్‌బ్రెడ్‌లో పోసే మొలాసిస్, అదే చక్కెర తీయగా మిగిలే నల్లటి చెరకు పాకం, కొంత పుల్లనిదే. కాబట్టి డచ్ కోకో వేసినా సోడా పూర్తిగా ఖాళీగా కూర్చోదు. కానీ దానికి దొరికే ఆమ్లం మొలాసిస్‌దే. క్షారం కలపని సహజ కోకోకి రాసిన కొలత సోడాను డచ్ కోకోకి వేస్తే మిగులు క్షారం పిండిని ఓవెన్‌లో ఎక్కువగా పరుచుకునేలా చేస్తుంది. అప్పుడు నక్షత్రం ఆకారంలో కోసిన బిస్కట్ కొమ్ములు మొద్దుబారతాయి.

అచ్చు బిస్కట్లకు నేను ఎంచుకునేది డచ్ కోకోనే. వీటికి పొంగు అక్కర్లేదు, అంచు కావాలి. పావు కిలో మైదాకి 50 గ్రాముల కోకో, 120 గ్రాముల మొలాసిస్, పావు చెంచా సోడా చాలు. కోకోలో గ్లూటెన్ లేదు, నీటిని మాత్రం గట్టిగా పీల్చుకుంటుంది. మరీ ఎక్కువ వేస్తే ఒత్తేటప్పుడు పిండి పగుళ్లిస్తుంది. పచ్చి అల్లం కన్నా శొంఠి పొడి వేయడం మేలు. అల్లం ఎండేటప్పుడు దాని ఘాటుకు కారణమైన జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, షోగాల్ ఘాటు ఇంకా ఎక్కువ. కలిపిన ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి అందులోని వెన్న గట్టిపడనివ్వండి. ఒత్తేటప్పుడు పీటమీద మైదాకి బదులు కోకో పొడే చల్లితే తెల్లటి మరకలుండవు. కోసిన బొమ్మలను ఓవెన్‌లో పెట్టేముందు ఇంకోసారి చల్లబరిస్తే పిండి గట్టిపడేలోపు వెన్న కరిగి అంచు జారిపోదు.

ఈసారి కోకో కొనేటప్పుడు డబ్బా వెనక పదార్థాల జాబితా చదవండి. 'అసిడిటీ రెగ్యులేటర్' అనే మాట పక్కన 500 గానీ 501 గానీ ఉంటే అది సోడియం లేదా పొటాషియం కార్బొనేట్‌తో శుద్ధిచేసిన డచ్ కోకో. ఏ అంకే లేకుండా కోకో పొడి అని మాత్రమే ఉంటే అది పుల్లనిది. సోడా కొలిచే ముందే ఆ అంకె చూసుకోండి.