వెదురు వంశావళి

వెదురు చెట్టా, గడ్డియా? వినడానికి వింతగా తోచే ఈ ప్రశ్న భారతదేశంలో 90 సంవత్సరాలపాటు చట్టానికి సంబంధించిన ప్రశ్నగా నిలిచింది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో చేర్చింది. అందువల్ల రైతు తన పొలం గట్టున పెంచుకొన్న వెదురును నరకడానికీ, తరలించడానికీ అనేక చోట్ల అనుమతులు అవసరమయ్యేవి. 2017లో జరిగిన సవరణ అడవికి వెలుపల పెరిగే వెదురును ఆ నిర్వచనం నుండి తొలగించింది. వృక్షశాస్త్రజ్ఞులకు మాత్రం ఈ విషయంలో సందేహం లేదు. వరి, జొన్న, చెరకు ఏ కుటుంబానికి చెందినవో వెదురు కూడా ఆ గడ్డి కుటుంబానికే చెందినది. చెట్టు మాను ఏటేటా లావెక్కుతుంది. వెదురు బొంగు నేలను చీల్చుకొని వచ్చేటప్పుడే తన పూర్తి లావుతో వస్తుంది. ఆపై ఎత్తు మాత్రమే పెరుగుతుంది.

శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న వేరు. ప్రపంచంలో 1,600కు పైగా వెదురు జాతులున్నాయి. కంటి ఎదుట ఉన్నది వాటిలో ఏది? దానికి దగ్గరి బంధువు ఏది?

తెలుగునాట అడవులలో ప్రధానంగా కనిపించేవి ముళ్ళ వెదురు, సాధనపు వెదురు. మొదటిది కణుపుల వద్ద వంకర ముళ్ళతో, లావైన డొల్ల బొంగులతో దట్టమైన పొదగా పెరుగుతుంది. రెండవది సన్నగా, దాదాపు గట్టిగా ఉంటుంది. బుట్టలు, చాటలు, తడికలు అల్లే మేదరులు బొంగును చీల్చి చూసి అది ఏదో చెప్పగలరు. తరతరాల అనుభవంతో వచ్చిన ఈ ఎరుక తక్కువదేమీ కాదు. అయితే పొడి నేలలో గట్టిగా పెరిగే సాధనపు వెదురే తేమ ఎక్కువగా ఉన్న చోట డొల్లగా తయారవుతుంది. ఒకే జాతి నేలను బట్టి వేషం మారుస్తుందన్నమాట.

కాండం, ఆకు ఇలా మారిపోతాయి కనుకనే 18వ శతాబ్దంలో లిన్నేయస్ కాలం నుండి మొక్కల వర్గీకరణకు పువ్వు ప్రధాన ఆధారమైంది. వెదురు విషయంలో 1868లో విలియం మన్రో ఈ పద్ధతిలోనే సమగ్ర గ్రంథాన్ని వెలువరించాడు. (ఈయన బ్రిటిష్ సైనికాధికారి, రాయలసీమ ప్రజలకు చిరపరిచితుడైన థామస్ మన్రో వేరు.) పువ్వులో కేసరాలు మూడా, ఆరా? ఫలం ధాన్యపు గింజలా ఉన్నదా, కండగల కాయలా ఉన్నదా? ఇటువంటి లక్షణాలపై ఆనాటి విభజన ఆధారపడింది. మద్రాసు రాజధాని వృక్షసంపదను గురించి కూడా రచించిన గాంబుల్, 1896లో నాటి బ్రిటిష్ ఇండియా వెదుళ్ళపై గ్రంథం ప్రచురించాడు.

ఇంతటి పద్ధతికీ ఒక పెద్ద చిక్కు ఎదురయింది. వెదురు పూయదు! పూసినా ఒక తరానికి ఒకసారి పూస్తుంది. ముళ్ళ వెదురుకు ఇంచుమించు 30 నుండి 45 ఏళ్ళు పడుతుంది. తూర్పు ఆసియాలో ఒక జాతికి 120 ఏళ్ళు పడుతుంది. ఇటువంటి అనేక జాతులలో పొదలన్నీ ఒక్కసారిగా పూసి, గింజలు రాల్చి, ఎండిపోతాయి. మిజోరం ప్రజలకు ఇది ప్రాణసంకటమైన విషయం. అక్కడి కొండలను కప్పిన ఒక జాతి సుమారు 48 ఏళ్ళకు పూస్తుంది. రాలిన కాయలు తిని ఎలుకలు అపారంగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పంటల మీద పడతాయి. 1959 నాటి కరవుకు ఇదే కారణం. 2006–2008లో ఆ వెదురు మళ్ళీ పూచింది. మరొక జాతి పూసినప్పుడు వచ్చే కరవుకు మిజోలు వేరే పేరు పెట్టుకొన్నారు. ‘మౌతాం’, ‘థింగ్‌తాం’ అనే ఆ రెండు పేర్లు నిజానికి రెండు జాతుల గడువులు.

పువ్వు కోసం జీవితకాలం వేచి ఉండలేని శాస్త్రజ్ఞులు ఇతర అవయవాలను నిశితంగా పరిశీలించారు. నేలలోని కొమ్ము కురచగా ఉండి గుంపుగా పొదకట్టేవి కొన్ని. అది పొడవుగా పాకి దూరదూరంగా బొంగులు లేచేవి కొన్ని. కణుపు నుండి ఒకే కొమ్మ వస్తుందా, గుత్తిగా వస్తాయా అన్నది మరొక గుర్తు. అన్నింటికంటె ఉపయోగపడేది లేత బొంగును చుట్టి ఉండే తొడుగు. దాని నూగు, చెవుల వంటి అంచులు, కొనన ఉండే చిన్న ఆకు జాతికొక తీరుగా ఉంటాయి. ఇన్ని చూసినా తగవు తీరని సందర్భాలున్నాయి. కొంకణ తీరంలో రైతులు పెంచే ముళ్ళులేని గట్టి వెదురు అరుదుగా పూస్తుంది. మన్రో దానిని ఒక ప్రజాతిలో చేర్చగా, తరువాతివారు మరి రెండు ప్రజాతులకు మార్చారు. మొక్క ఒక్కటే, ఇంటిపేర్లు మూడు.

ఇటువంటి చోట జన్యుశాస్త్రం తోడ్పడుతుంది. ఏ వయసు మొక్కనుండైనా ఒక లేత ఆకు తీసుకొని, అందులోని డి.ఎన్.ఏ. వరుసలను ఇతర జాతులతో పోల్చవచ్చు. మొదట ఎక్కువగా పరిశీలించినది హరితరేణువులలోని డి.ఎన్.ఏ. అది చెప్పిన సంగతి ఆశ్చర్యకరమైనది. ఉష్ణమండలపు గట్టి వెదుళ్ళకు చలిప్రాంతపు గట్టి వెదుళ్ళ కంటె, మెత్తని కాండంతో గడ్డిలా పెరిగే చిన్న వెదుళ్ళే దగ్గరి చుట్టాలట! కాని వెదురులో హరితరేణువులు సాధారణంగా తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తాయి. తల్లివైపు చరిత్ర మాత్రమే విని తీర్పు చెప్పడం న్యాయం కాదు. కేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను పరిశీలించినప్పుడు గట్టి వెదుళ్ళు ప్రాచీన కాలంలో వేర్వేరు వంశాల కలయికవల్ల, క్రోమోజోముల సంఖ్య పెరగడంవల్ల ఏర్పడినట్లు వెల్లడైంది. 2019లో వెలువడిన జన్యుపటాలు దీనిని బలపరిచాయి. వెదురు వంశావళి కొమ్మలుగా చీలిపోయే చెట్టు కాదు, అల్లిక.

అయినంత మాత్రాన రూపలక్షణాల పని తీరిపోలేదు. అమెరికాలోని అపలేషియన్ కొండలలో పెరిగే చిన్న వెదురును స్థానికులు ‘కొండ వెదురు’ అనే అర్థం వచ్చే పేరుతో విడిగా గుర్తించేవారు. శరత్కాలంలో ఆకులు రాల్చడం దాని ప్రత్యేకత. శాస్త్రజ్ఞులు మాత్రం దానిని మరొక జాతిలో కలిపి చూసేవారు. ఆకు, కొమ్మల తేడాలను కొలిచి, డి.ఎన్.ఏ.తో సరిచూసిన తరువాత 2006లో అది కొత్త జాతిగా గుర్తింపు పొందింది. ఏ మొక్కలను పోల్చవలెనో ముందుగా చూపినది కన్నే.

నేడు రైతుకు అందే వెదురు మొక్క జానెడు పొడవైనది. దానికి ముదురు బొంగు లేదు, తొడుగు లేదు, పువ్వు మాట అసలే లేదు. డి.ఎన్.ఏ. పరీక్ష దాని జాతిని చెప్పగలదు. కాని ఆ మొక్క గింజనుండి మొలిచినదా, పాత పొద పిలకనుండి తీసినదా అన్నది కూడా తెలియాలి. పిలక సాధారణంగా తల్లి పొదతోపాటే పూస్తుంది, దానితోపాటే ఎండిపోతుంది. తల్లి వయసు ఎంతో జాతి పేరులో ఉండదు. అది ఆ పొదను నాటినవారు, చూసినవారు చెప్పవలసిందే.